ఇంక్యుబేటర్ ఉంది, వెంట వెళ్లేదెవరు?

పుట్టి గంటలైనా గడవని బిడ్డను విజయవాడ నుంచి గుంటూరుకు తరలించడంలో ఆలస్యం జరిగిందన్న గొడవ లేచిన ప్రతిసారీ వాదన ఒకచోటే తిరుగుతుంది. 108 అంబులెన్సు బండి ఎన్ని నిమిషాలకు వచ్చింది? అధికారులు కాల్ రికార్డు తీస్తారు, బిడ్డ తండ్రి తన ఫోన్‌లో టైము చూపిస్తాడు.

ఇప్పటి తగాదా వేళ్లు 2020 జూలై 1న ఉన్నాయి. ఆ రోజు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 సేవల కోసం వెయ్యికి పైగా వాహనాలకు జెండా ఊపారు. వాటిలో 412 కొత్త 108 అంబులెన్సులు: 282 బేసిక్ (మామూలు వసతులవి), 104 అడ్వాన్స్‌డ్ (ప్రాణాపాయంలో కావాల్సిన పరికరాలున్నవి), మిగిలిన 26 నవజాత శిశువులవి. అప్పటి 13 జిల్లాల లెక్కన జిల్లాకు రెండు. లోపల ఇంక్యుబేటర్, వెంటిలేటర్ ఉంటాయని చెప్పారు.

మంచి పనే. చిక్కల్లా కొలత దగ్గర వచ్చింది. పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20 నిమిషాలు అన్న 108 లెక్కనే పసిబిడ్డల బండికీ జనం అన్వయించుకున్నారు, అధికారులూ అదే చెబుతూ వచ్చారు. రోడ్డు ప్రమాదానికి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే అక్కడ డాక్టరు ఉండడు. నవజాత శిశువు చాలాసార్లు అప్పటికే ఒక ఆస్పత్రిలో ఉంటుంది. అక్కణ్నుంచి కదిలించే ముందే ఒళ్లు వెచ్చబడాలి, రక్తంలో చక్కెర చూడాలి, ఊపిరి అందేలా చేయాలి, సెలైన్ సూది నిలబడాలి. దీనికి ఒక్కోసారి గంట పడుతుంది. ఆ గంట బయట నిలబడ్డ తాతయ్యకు ఆలస్యంగానే కనిపిస్తుంది, ఆయన్ని తప్పుపట్టలేం.

పిల్లల వార్డుల్లో పనిచేసేవాళ్లు అడిగేది వేరు: బిడ్డ చేరేసరికి ఎలా ఉంది? ఢిల్లీ వైద్యులు 2007లో ప్రచురించిన టాప్స్ అనే చిన్న పద్ధతి ఉంది. ఒంటి వేడి, ఆక్సిజన్, రక్తప్రసరణ, చక్కెర. చేరగానే ఈ నాలుగూ చూస్తే ప్రయాణం ఎలా సాగిందో చెప్పేయొచ్చు. ఒంటి వేడి 36.5 డిగ్రీల కన్నా తగ్గకూడదు. కిలోన్నర ఉన్న నెల తక్కువ బిడ్డకు అది తగ్గడానికి ఎంతో సేపు పట్టదు. బెజవాడ మే నెల ఎండకు బండిలో ఏసీ వేస్తారు, ఒళ్లు సరిగా తుడవని బిడ్డకు ఆ చల్లదనమే చాలు.

ఇవన్నీ దారిలో కనిపెట్టుకుని ఉండాల్సింది మనిషి. 108లో ఉండే టెక్నీషియన్ గుండెనొప్పీ చూడాలి, ప్రమాదమూ చూడాలి, బండిలోనే కాన్పయితే అదీ చూడాలి. సీప్యాప్ (ముక్కు ద్వారా ఊపిరికి ఊతమిచ్చే యంత్రం) మీద ఉన్న బిడ్డను, మందు కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపును కృష్ణా నది వారధి మీది ట్రాఫిక్‌లో, కాజ టోల్‌గేట్ దగ్గర చూసుకోవడం వేరే పని. అది ఎస్‌ఎన్‌సీయూ, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు, నర్సు పని. ఆమె బండెక్కితే గుంటూరు వెళ్లి వచ్చేదాకా వార్డులో ఆమె చూసే ముగ్గురు నలుగురు బిడ్డలు ఎవరి మీద పడతారు? నర్సులు ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది. కేంద్రం తెచ్చిన అంబులెన్సు ప్రమాణాల్లో ఏ, బీ, సీ, డీ అని నాలుగే రకాలు. నవజాత శిశువుకంటూ ఐదో రకం లేదు.

108 నిర్వాహకుల మాట కూడా ఉంది. రిఫర్ చేసే ఆస్పత్రి ముందుగా చెప్పదు, బండి ఇంకో బిడ్డతో దారిలో ఉంటుంది అంటారు. నిజమే కావచ్చు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాకు రెండన్న 26 బండ్ల లెక్క ఆ రోజే జిల్లాకు ఒకటయింది. పాత గుంటూరు జిల్లా మూడు ముక్కలయినా మాచర్ల బిడ్డ రావాల్సింది గుంటూరుకే.

ఉచితంగా తరలించడం దయాదాక్షిణ్యం కూడా కాదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తే ఆ ప్రయాణం హక్కే. మొదట 30 రోజుల లోపు శిశువులకు, తర్వాత ఏడాది వరకు పెంచారు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఎలుకలు కొరికిన పసిబిడ్డ చనిపోయినప్పుడు రాష్ట్రమంతా ఎలుకల గురించే మాట్లాడింది. ఆ బిడ్డ విజయవాడ నుంచి వెళ్లింది. ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆపరేషన్ కావాలంటే నది దాటి ఎందుకు వెళ్లాల్సి వస్తోందని అడిగినవాళ్లు తక్కువ.

లెక్కల్లోకి రాని ప్రయాణం మరొకటుంది. ఎనిమిదో నెలలోనే నొప్పులు మొదలైన తల్లిని కాన్పుకు ముందే పెద్దాసుపత్రికి చేర్చగలిగితే చాలా సందర్భాల్లో బిడ్డకు అదే మేలని వైద్యులు చెబుతారు. అప్పుడు ఇంక్యుబేటర్ బండి అక్కర్లేదు, మామూలు 108 చాలు. కాకపోతే తిరువూరులోనో దుర్గిలోనో ఉన్న డాక్టరు రిఫర్ చేసే చీటీ కొన్ని గంటల ముందు రాయాలి.