షుగరును ఆపే జన్యువు దొరికిందా?

అమెరికాలోని అరిజోనాలో హీలా నది ఒడ్డున పీమా, తోహోనో ఓధమ్ తెగలవాళ్లు ఉంటారు. వాళ్లలో షుగరు జబ్బు విపరీతం. అక్కడ 4,920 మందిని పరీక్షించి విలియం నోలర్ బృందం 1988లో ఒక లెక్క ప్రచురించింది. రక్తంలోని యాంటీబాడీల మీద 'జీఎం' అనే గుర్తు ఉంటుంది, అది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అందులో ఒక రకం ఉన్నవాళ్లలో 8 శాతం మందికే షుగరు. లేనివాళ్లలో 29 శాతం మందికి. ఇంత తేడా కనిపిస్తే, షుగరును ఆపే జన్యువు ఆ పక్కనే ఎక్కడో ఉందని ఎవరికైనా అనిపిస్తుంది.

నోలర్ బృందం అక్కడితో ఆగకపోవడం నాకు చాలా నచ్చింది. ఒక్కొక్కరి వంశంలో స్థానిక తెగల వాటా ఎనిమిదింట ఎన్ని వంతులో చూసి జనాన్ని విడదీశారు. ఆ వాటా బొత్తిగా లేనివాళ్లలో దాదాపు 66 శాతం మందికి ఆ రకం జీఎం గుర్తుంది. ఎనిమిదికి ఎనిమిది వంతులూ స్థానికులైన వాళ్లలో 1.6 శాతం మందికే ఉంది. అంటే అది తెల్లవాళ్ల సంబంధాలతో వచ్చి కలిసిన గుర్తు. ఇప్పుడు వయసు తేడాలు సర్ది, సగం స్థానికులైన వాళ్లను మాత్రమే చూస్తే, గుర్తున్నవాళ్లలో షుగరు 28.3 శాతం, లేనివాళ్లలో 28.8. ఆ పెద్ద తేడా కాస్తా మాయమైపోయింది! ఆ గుర్తు షుగరును ఆపడం లేదు, ఎవరి పూర్వీకులు ఎవరో చెబుతోందంతే. తిండి, పేదరికం, మిగతా జన్యువులు అన్నీ ఆ పూర్వీకుల వెంటే వస్తాయి కదా.

ఇప్పుడు ఒక్కో మనిషిలో లక్షల జన్యు గుర్తులు చూస్తున్నారు. వంశం గురించి నోటిమాట మీద ఆధారపడక్కర్లేదు. ఆ లక్షల గుర్తుల్లో ఎవరు ఎవరికి దగ్గరో కంప్యూటరే తేల్చి, ఆ దగ్గరితనాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. 2006లో ఆల్కెస్ ప్రైస్ బృందం చూపించిన పద్ధతి ఇందుకు బాగా వాడుకలోకి వచ్చింది.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆంధ్ర వైశ్యుల్లో వందకు పైగా తరాలుగా బయటి సంబంధాలు దాదాపు లేవు. వాళ్లలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువ. ఆపరేషనులో కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మందు మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. వీళ్లకు గంటలు పడుతుంది, అంతసేపూ ఊపిరి యంత్రమే ఆడించాలి.

అలాంటి రోగులను ఒకవైపు, దారినపోయే నగరవాసులను మరోవైపు పెట్టి పోల్చామనుకోండి. ఆ కులంలో ఎక్కువగా కనిపించే ప్రతి గుర్తూ దోషిలాగే కనబడుతుంది. అదే కులంలో ఈ ఇబ్బంది లేనివాళ్లతో పోల్చితే ఆ గుర్తులన్నీ రెండువైపులా సమానంగానే ఉండి పక్కకు తప్పుకుంటాయి. ఎంజైమును తయారుచేసే జన్యువులోని లోపం ఒక్కటే మిగులుతుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు, "మీ ఇంట్లో ఎవరైనా మత్తు తర్వాత తేరుకోవడానికి చాలాసేపు పట్టిందా?" అని అడిగేది అందుకే.