కార్డు పెట్టినా పలకని స్లాట్: లినక్స్ ల్యాప్‌టాప్‌ల వెనకటి కథ

"అన్నా, కార్డు పెడితే ఏం చూపెడ్తలేదు."

హనుమకొండలో మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే నాకు ఇలాంటి ఫోన్లు మొదలైనట్టే. చేసేవాళ్లు పెళ్లిళ్లకు వీడియోలు తీసే పిల్లలు, ఫొటో స్టూడియోల్లో పనిచేసేవాళ్లు. మేడారం జాతర ఏడాదైతే ఆ ఫోన్లు ఇంకాస్త పెరుగుతాయి. వాళ్ల చేతుల్లో ఉండేవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, కంపెనీలు నాలుగైదేళ్లు వాడి తీసేసినవి. విండోస్ నెమ్మదిగా నడుస్తోందని ఎవరో ఒకరు ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి ఇస్తారు. వైఫై వస్తుంది, సౌండ్ వస్తుంది, కెమెరా కూడా పనిచేస్తుంది. పక్కనున్న ఎస్‌డీ కార్డు స్లాట్ మాత్రం ఉలకదు, పలకదు.

షాపుకు తీసుకెళ్తే "స్లాట్ పోయింది" అంటారు. నిజంగా పోయినవీ ఉంటాయి. అయితే నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ స్లాట్లు బాగానే ఉన్నాయి. 'గుర్తించడం లేదు' అని మనం అనే మాటలో మూడు వేరు వేరు జబ్బులు కలిసిపోయాయి. స్లాట్ వెనకున్న చిప్ ఎవరిదో కెర్నెల్‌కు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ అసలు భాగానికి, తెలియకపోవచ్చు. చిప్ తెలిసినా, అది కార్డుతో మాట కలపలేకపోవచ్చు. మాట కలిసినా, కార్డు లోపలి ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను అమర్చిన పద్ధతి, చదవడం రాకపోవచ్చు. ఈ మూడూ వేరు వేరు కాలాల్లో, వేరు వేరు కారణాలతో పుట్టాయి. ఆ కథ తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, అనవసరంగా బోర్డు విప్పించే పని తప్పుతుంది.

ఎస్‌డీ కార్డును 1999లో ప్యానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ప్రకటించాయి. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 2.1 మందం. మరుసటి ఏడాది ఆ మూడు కంపెనీలే ఎస్‌డీ అసోసియేషన్ పెట్టాయి. కార్డు కొలతలు, పిన్నులు అందరికీ ఒకటే అయ్యాయి. ల్యాప్‌టాప్‌లో ఆ కార్డును చదివే చిప్ విషయంలో మాత్రం ఎవరి దారి వాళ్లదే అయింది. రికో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఓ2 మైక్రో, జేమైక్రాన్, తర్వాత రియల్‌టెక్. ఒక్కొక్కరి చిప్‌ది ఒక్కో భాష. విండోస్‌కు డ్రైవర్, అంటే ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రాం, రాసి సీడీలో పెట్టి ఇచ్చేవాళ్లు. లినక్స్ వాళ్లకు చిప్ పత్రాలు దొరికేవి కావు.

దీన్ని సరిచేయడానికే ఎస్‌డీహెచ్‌సీఐ అనే ప్రమాణం వచ్చింది. చిప్‌ను ఎవరు చేసినా కంప్యూటర్‌తో మాట్లాడే తీరు ఒకేలా ఉండాలన్నది దాని ఉద్దేశం. లినక్స్‌కు ఆ డ్రైవర్ రాసిన మనిషి పియర్ ఒస్మాన్. 2006లో అది కెర్నెల్‌లో చేరింది. ఈ రోజు మన ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టగానే తెరుచుకుంటోందంటే అందులో ఆయన చేసిన పని చాలా ఉంది. ఆయన పేరు తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

ప్రమాణం వచ్చినంత మాత్రాన చిక్కులు తీరలేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఫ్లాష్‌మీడియా చిప్‌లు ఆ దారిలోకి రాలేదు. వాటికి అలెక్స్ దుబోవ్ వేరే డ్రైవర్ రాశారు. రికో చిప్‌లది ఇంకో తీరు. ఎస్‌డీ కార్డు పెడితే ప్రమాణం ప్రకారం నడిచేవి, ఎస్‌డీ కంటే ముందటి ఎంఎంసీ కార్డు పెడితే దాన్ని పక్కనే ఉన్న తమ సొంత కంట్రోలర్‌కు అప్పజెప్పేవి. ఒకే స్లాట్‌లో ఒక కార్డు కనిపించి ఇంకొకటి కనిపించకపోతే మామూలు మనిషికి ఏమర్థమవుతుంది? ఫిలిప్ లాంగ్‌డేల్ అనే ఆయన ఆ సొంత కంట్రోలర్‌నే మూసేసే కోడ్ రాశారు. రెండో తలుపు మూయగానే రెండు రకాల కార్డులూ మొదటి తలుపు గుండానే రావడం మొదలైంది.

2008 ప్రాంతంలో చిన్న నెట్‌బుక్‌లు వచ్చాయి. వాటిలో కొన్నింటిలో జేమైక్రాన్ చిప్‌లు ఉండేవి. స్లాట్‌లో కార్డు లేకపోతే కరెంటు ఆదా కోసం చిప్ మొత్తానికే పడుకునేది. కార్డు ముందే పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే కనిపిస్తుంది, ఆన్ చేశాక పెడితే కనిపించదు. ఆన్ చేశాక చేరిన పరికరాలను గుర్తించే పీసీఐఈహెచ్‌పీ అనే కెర్నెల్ మాడ్యూల్‌ను బలవంతంగా నడిపితే సరిపోయేది. ఇప్పటికీ నేను మొదట అడిగేది "తమ్మీ, కార్డు లోపలుంచి ఒకసారి రీస్టార్ట్ చేసినవా?" అనే. అలా చేస్తే పనిచేసిందంటే చిప్ బతికే ఉంది, నిద్ర లేపే చోటే లోపం ఉందని అర్థం.

అన్నింటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టింది రియల్‌టెక్ కాలం. 2010 తర్వాత వచ్చిన ఎన్నో ల్యాప్‌టాప్‌లలో ఆ చిప్‌లే ఉన్నాయి. అవి ఎస్‌డీహెచ్‌సీఐ ప్రమాణం పాటించవు. కంపెనీ ఇచ్చిన మొదటి డ్రైవర్ 2011లో కెర్నెల్ 2.6.39లో, స్టేజింగ్ అనే విభాగంలో చేరింది. ఇంకా పక్వానికి రాని కోడ్‌ను ఉంచే చోటు అది. ఆ డ్రైవర్ కార్డును మామూలు డిస్కులా చూపించేది. తీరుగా కొత్తగా రాసిన డ్రైవర్ 2013లో 3.8తో వచ్చింది. లోపల యూఎస్‌బీ దారిలో కలిపిన రియల్‌టెక్ చిప్‌లకు ఇంకా ఆగాల్సి వచ్చింది, అవి 2014లో 3.16తో గాడిన పడ్డాయి. మధ్యలో ఆ మూడు నాలుగేళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొన్న బీటెక్ పిల్లలు ఎక్కడెక్కడి కోడో తెచ్చి, సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చేది. 'లినక్స్‌లో కార్డు రీడర్ నడవదు' అనే మాట మన దగ్గర స్థిరపడింది అప్పుడే. చిప్‌లకు డ్రైవర్లు వచ్చి పదేళ్లు దాటినా ఆ మాట పోలేదు.

లినక్స్ లాంటివే అయిన బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల వాళ్లదీ ఇదే బాధ. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు రియల్‌టెక్ చిప్‌లకు ఆర్‌టీఎస్‌ఎక్స్ అనే డ్రైవర్ సొంతంగా రాసుకున్నారు. ఫ్రీబీఎస్‌డీ ఆ తర్వాత దాన్ని అక్కడి నుంచే తెచ్చుకుంది.

ఇక రెండో జబ్బు. దీన్ని ఒక రాత్రి దగ్గరగా చూశాను.

రెండేళ్ల కింద, ఫిబ్రవరిలో. పరకాల దగ్గర పెళ్లి వీడియో తీసి వచ్చిన ఒక వీడియోగ్రాఫర్ రాత్రి పదకొండున్నరకు నక్కలగుట్టలో మా ఇంటికొచ్చాడు. తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా అంతా ఒకే కార్డులో ఉంది, కొత్త 64 జీబీ కార్డు. పొద్దున్నే పెళ్లికూతురు వాళ్లకు కొన్ని ఫొటోలు పంపాలి. ల్యాప్‌టాప్ కార్డును చూపించడం లేదు. ఫోన్‌లో అడాప్టర్‌తో పెడితే 'ఫార్మాట్ చేయాలా' అని అడిగిందట. "నొక్కలేదన్నా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు సగం టెన్షన్ పోయింది.

ముందు కార్డు పక్కనున్న చిన్న లాక్‌ను కిందికి జరిపాను. ఆ లాక్ కార్డు లోపల దేన్నీ ఆపదు. రీడర్ దాన్ని చూసి రాయకుండా ఊరుకుంటుంది, అంతే. అయినా ఆ రాత్రికి అంత రక్షణ చాలు. లోపలి చిప్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ నడిపితే చిప్ కనిపించింది, డ్రైవర్ కూడా పట్టుకునే ఉంది. అంటే మొదటి జబ్బు కాదు. తర్వాత డీమెసేజ్ అని మేం పిలుచుకునే కెర్నెల్ లాగ్ తెరిచిపెట్టి కార్డు తోశాను. ఒక్క లైను వచ్చింది: ఎంఎంసీ0, ఎర్రర్ -110, ఎస్‌డీ కార్డును మొదలుపెట్టే దశలో. 110 అంటే టైమవుట్. చిప్ అడిగింది, కార్డు జవాబివ్వలేదు.

అతని బ్యాగులో పాత 16 జీబీ కార్డు ఉంటే పెట్టి చూశాను. వెంటనే తెరుచుకుంది. స్లాట్ బాగుంది, పిన్నులు బాగున్నాయి. తేడా వేగంలో ఉంది.

2010లో యూహెచ్‌ఎస్ అనే వేగవంతమైన పద్ధతి వచ్చింది. కార్డు 3.3 వోల్టుల దగ్గర మొదలవుతుంది. కార్డుకూ చిప్‌కూ ఇద్దరికీ చేతనైతే సిగ్నల్‌ను 1.8 వోల్టులకు దించి వేగం పెంచుకుంటారు, సెకనుకు 104 ఎంబీ దాకా. కొన్ని బోర్డుల్లో చిప్ 'నాకు 1.8 వచ్చు' అంటుంది, దాని చుట్టూ వేసిన సర్క్యూట్ మాత్రం సహకరించదు. వోల్టేజీ దిగే ఆ క్షణంలో మాట తెగిపోతుంది. పాత కార్డు 1.8 సంగతే ఎత్తదు కాబట్టి దానికి ఇబ్బంది రాదు. కొత్తది, మంచిది, ఖరీదైనది అయిన కార్డే మొండికేస్తుంది. అందుకే జనం కార్డునో, కార్డు అమ్మినవాణ్నో తిడతారు.

ఇలాంటి బోర్డుల కోసం కెర్నెల్‌లో ఒక మీట ఉంది. డ్రైవర్ల సెట్టింగ్‌లు ఉండే మాడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టి, ఎస్‌డీహెచ్‌సీఐకి డీబగ్ క్విర్క్స్2 విలువ 4 అని రాస్తే '1.8 జోలికి పోకు' అని చెప్పినట్టు. రాసి రీస్టార్ట్ చేశాను. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఎంఎంసీబీఎల్‌కే0 అనే పేరుతో 59.5 జీబీ అని కనిపించింది. ఆ పిల్లగాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

తెరవబోతే మూడో జబ్బు ఎదురైంది. 'ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ తెలియదు' అంది.

ఎక్స్‌ఫ్యాట్ మైక్రోసాఫ్ట్‌ది, 2006 నాటిది. 32 జీబీ వరకు ఉన్న కార్డులకు ఫ్యాట్32 సరిపోయింది. 2009లో 32 జీబీ దాటిన కార్డుల కోసం ఎస్‌డీఎక్స్‌సీ ప్రమాణం తెచ్చినప్పుడు ఎస్‌డీ అసోసియేషన్ ఎక్స్‌ఫ్యాట్‌నే తప్పనిసరి చేసింది. పేటెంట్లు మైక్రోసాఫ్ట్ చేతిలో ఉండటంతో అది కెర్నెల్‌లోకి రాలేకపోయింది. బయటి నుంచి ఒక ప్యాకేజీ వేసుకుని చదువుకోవాల్సి వచ్చేది. ప్రపంచమంతా వాడే కార్డుకు ఒక కంపెనీ అనుమతి అవసరమయ్యే పద్ధతిని ప్రమాణంగా పెట్టడం అప్పుడూ తప్పే, ఇప్పుడు చూసినా తప్పే అంటాను. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ వివరాలను బయటపెట్టింది. అదే ఏడాది నవంబరులో 5.4 కెర్నెల్‌లో ఒక డ్రైవర్ స్టేజింగ్‌లోకి వచ్చింది, 2020 మే నెలలో 5.7తో శాంసంగ్ రాసిన మెరుగైన డ్రైవర్ దాని స్థానంలో కుదురుకుంది.

అతని ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2018 నాటి ఉబుంటు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ప్యాకేజీ వేశాను, ఫోల్డర్లు తెరుచుకున్నాయి. 3.3 వోల్టుల దగ్గర ఎంత లాగినా సెకనుకు 25 ఎంబీ దాటదు. మొత్తం కాపీ కావడానికి ముప్పావు గంట పైనే పట్టింది. అప్పటిదాకా ఇద్దరం ఆ నీలం గీత నిండటం చూస్తూ కూర్చున్నాం.

బయట అమ్మే చిన్న యూఎస్‌బీ రీడర్‌లో పెడితే ఆ కార్డు వచ్చేది కదా అని అడుగుతారు. రెండో జబ్బుకు అది మందే. ఆ రీడర్లు దాదాపు అన్నీ పెన్‌డ్రైవ్ మాట్లాడే మాస్ స్టోరేజ్ భాషే మాట్లాడతాయి. కార్డుతో వ్యవహారం రీడరే చూసుకుని కెర్నెల్‌కు ఒక డిస్కును చూపిస్తుంది. అందుకే అక్కడ ఎస్‌డీబీ లాంటి పేరు వస్తుంది, ఎంఎంసీబీఎల్‌కే రాదు. అర్జంటు పనికి అది బ్యాగులో ఉండాల్సిందే. ఎక్స్‌ఫ్యాట్ చిక్కు మాత్రం అక్కడా ఉంటుంది.

ఎల్‌ఎస్‌పీసీఐలో ఎన్ఎన్ అని జోడిస్తే చిప్ పక్కన నాలుగేసి అక్షరాల జంట ఒకటి వస్తుంది. నాకు ఫోన్ చేసేవాళ్లను ముందు అదే చదవమంటాను. 1180తో మొదలైతే రికో, 10ఈసీ అయితే రియల్‌టెక్, 197బీ అయితే జేమైక్రాన్, 1217 అయితే ఓ2 మైక్రో. రెండో భాగం చిప్ మోడల్‌ది. 10ఈసీ:5229 అని చదివారంటే పైన చెప్పిన కథలో వాళ్లు ఏ పేజీలో ఉన్నారో నాకు తెలిసిపోతుంది. అక్కడ ఏమీ రాకపోతే యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ చూడాలి. రెండింటిలోనూ లేకపోతే బయోస్‌లోకి, అంటే ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లలోకి, వెళ్లాలి. కంపెనీలు డేటా బయటికి పోకుండా మెమరీ కార్డు స్లాట్‌ను అక్కడే ఆపేస్తుంటాయి, సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేటప్పుడు దాన్ని ఎవరూ తిరిగి తెరవరు.

ఇంకొకటి, స్లాట్‌లో ప్లాస్టిక్ డమ్మీ ఉందేమో చూసుకోండి. అది తీయకుండా కార్డు దూరడం లేదని తెచ్చినవాళ్లూ ఉన్నారు. కార్డు వచ్చిందని చెప్పే చిన్న రేకు దుమ్ముతో బిగుసుకుపోవడం కూడా మామూలే. మెత్తని బ్రష్‌తో, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి తుడవాలి.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లేవాళ్లు రెండు వస్తువులు వెంట తీసుకెళ్లండి, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి, ఫొటోలున్న 64 జీబీ కార్డు ఒకటి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ముందు కార్డు లేకుండా, తర్వాత కార్డు పెట్టి చూడండి. ఒక ఫొటో తెరిచి చూశాకే డబ్బులివ్వండి.