హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీ: లైసెన్సు దాకా చేరని చదువు వెనుక చరిత్ర

అమెరికాలో ఆపదలో ఉన్న మనుషులకు, కుటుంబాలకు తోడ్పడే ఉద్యోగం కోరుకునే విద్యార్థికి కాలేజీల్లో పక్కపక్కనే రెండు కోర్సులు కనిపిస్తాయి. ఒకటి సోషల్ వర్క్, రెండోది హ్యూమన్ సర్వీసెస్. చదివే విషయాలు చాలావరకు కలుస్తాయి, ఏదో ఒక సంస్థలో క్షేత్ర శిక్షణ రెండింటికీ తప్పనిసరే. తేడా పట్టా చేతికి వచ్చాకే బయటపడుతుంది. సోషల్ వర్క్ చదివినవారికి ఆ వృత్తి చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుకు దారి ఉంటుంది, హ్యూమన్ సర్వీసెస్ చదివినవారికి చాలా రాష్ట్రాల్లో ఆ దారి ఉండదు. ఈ తేడా ఎవరో నిర్లక్ష్యం చేయడం వల్ల వచ్చింది కాదు, ఈ రెండు చదువులూ వేర్వేరు కాలాల్లో, దాదాపు ఎదురెదురు ఉద్దేశాలతో పుట్టడం వల్ల వచ్చింది.

సోషల్ వర్క్ కథ ముందుది. 1877లో బఫెలో నగరంలో మొదలై త్వరలోనే ఇతర నగరాలకు పాకిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీలు, కలిగిన కుటుంబాల మహిళలను పేదల ఇళ్లకు పంపి, ఎవరికి ఏ సహాయం అవసరమో విచారించేవి. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ షికాగోలో హల్ హౌస్‌ను స్థాపించి, పేదల వాడలోనే కాపురం ఉంటూ పనిచేసే మరో పద్ధతిని చూపించారు. సదుద్దేశం ఒక్కటే చాలదని, శిక్షణ కావాలని గుర్తించిన న్యూయార్క్ సొసైటీ 1898లో ఆరు వారాల వేసవి కోర్సు పెట్టింది. కాలక్రమంలో కొలంబియా విశ్వవిద్యాలయపు సోషల్ వర్క్ స్కూల్‌గా ఎదిగింది అదే.

ఈ రంగానికి గట్టి దెబ్బ 1915లో తగిలింది. వైద్య విద్యను నిశితంగా విమర్శించి అప్పటికే పేరు పొందిన ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్, బాల్టిమోర్‌లో జరిగిన సదస్సులో సోషల్ వర్క్ ఇంకా వృత్తి స్థాయికి చేరలేదని తేల్చి చెప్పారు. సోషల్ వర్కర్ మధ్యవర్తిగా ఉండి డాక్టరునో, లాయరునో రప్పిస్తారే తప్ప, వారికంటూ సొంత విద్య లేదన్నది ఆయన వాదన. ఆ మాటకు జవాబు చెప్పాలన్న పట్టుదల తర్వాతి దశాబ్దాల్లో సోషల్ వర్క్ విద్య నడకను చాలావరకు నిర్ణయించిందని నా అభిప్రాయం. 1917లో మేరీ రిచ్‌మండ్ కేసు పరిశీలనకు ఒక శాస్త్రీయ పద్ధతిని గ్రంథస్థం చేశారు. 1952లో ఏర్పడిన కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ తొలి రెండు దశాబ్దాల పాటు మాస్టర్స్ కోర్సులకు మాత్రమే గుర్తింపు ఇచ్చింది. వృత్తి గౌరవమైతే దక్కింది గాని, ఆ గౌరవం కోసం తలుపు ఇరుకు చేసుకోవలసి వచ్చింది.

ఇంతలో అవసరం కొండలా పెరిగింది. 1955 నాటికి ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో ఐదున్నర లక్షల మందికి పైగా రోగులు ఉన్నారు. ఉన్న పద్ధతిలో శిక్షణ ఇస్తూ పోతే సరిపడా నిపుణులు ఎన్నటికీ తయారు కారని, మానసిక ఆరోగ్యంపై ఏర్పడిన జాతీయ స్థాయి సంయుక్త కమిషన్ కోసం మనస్తత్వవేత్త జార్జ్ ఆల్బీ రాసిన 1959 నాటి నివేదిక స్పష్టం చేసింది. ఆ మరుసటి ఏడాదే మనస్తత్వవేత్త మార్గరెట్ రియోక్ కొద్దిమంది నడివయసు గృహిణులను ఎంపిక చేసి, మానసిక సలహాదారులుగా పనిచేసేలా రెండేళ్ల శిక్షణ మొదలుపెట్టారు. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనడీ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ చట్టంపై సంతకం చేయడంతో, పెద్ద చికిత్సాలయాల నుంచి రోగులను వారి ఊళ్లకు, వాడలకు తరలించి చూసుకోవడం ప్రభుత్వ విధానమైంది. అక్కడ వారి బాగోగులు చూసే మనుషులెవరన్న ప్రశ్నకు మాత్రం ఆ చట్టంలో సరైన జవాబు లేదు.

జవాబు అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించిన 'పేదరికంపై పోరు' కార్యక్రమం నుంచి వచ్చింది. 1964 నాటి ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టం, సహాయ పథకాలను ఆయా ప్రాంతాల నివాసులే వీలైనంత ఎక్కువగా పాలుపంచుకుంటూ నడపాలని కోరింది. పేదలను సహాయం పొందేవారిగానే ఎందుకు చూడాలి, వారినే ముందు ఉద్యోగంలోకి తీసుకుని, పని చేస్తుండగానే చదివించి, మెట్టుమెట్టుగా పైకి తీసుకురావచ్చు కదా అని 1965లో ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్ వాదించారు. అదే ఏడాది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో లింకన్ ఆసుపత్రి వారు వీధి దుకాణాల్లాంటి గదుల్లో సేవా కేంద్రాలు తెరిచి, ఆ వాడల వారినే సహాయకులుగా నియమించారు. మానసిక సమస్యల కోసం పెట్టిన కేంద్రానికి జనం తెచ్చినవి ఎక్కువగా వేరే సమస్యలు: గదిలో హీటింగ్ రాదు, ఇంటి యజమాని పలకడు, వెల్ఫేర్ చెక్కు ఆగిపోయింది. సహాయకులు వారి వెంట ఆఫీసులకు వెళ్లేవారు, ఫారాలు నింపిపెట్టేవారు, అధికారులకు ఫోన్లు చేసేవారు. పట్టా ఉన్న నిపుణులు తమ పనిగా భావించని ఈ పనులే తర్వాత హ్యూమన్ సర్వీసెస్ పాఠాలయ్యాయి. అయితే వాగ్దానం చేసిన మెట్లు పైదాకా లేవని కూడా అక్కడే తేలింది. 1969 మార్చిలో ఆ సహాయకులే ఆసుపత్రి మానసిక ఆరోగ్య విభాగాన్ని ఆక్రమించి, దాని నిర్వహణలో స్థానికులకు అధికారం కావాలని పట్టుబట్టారు. ఈ డిగ్రీ చరిత్ర రాసేవారు ఈ ఘట్టాన్ని తరచు దాటేస్తారు, నిజానికి ఇప్పటి సమస్య మూలం ఇందులోనే కనిపిస్తుంది.

కాలేజీల అడుగు దాదాపు అప్పుడే పడింది. ఫోర్ట్ వేన్‌లోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1960ల మధ్యలో జాన్ ట్రూ ఆధ్వర్యంలో మానసిక ఆరోగ్య కార్యకర్తలకు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల విద్యా మండలిలో హెరాల్డ్ మెక్‌ఫీటర్స్ సమాఖ్య నిధులతో కమ్యూనిటీ కాలేజీల్లో అలాంటి కోర్సులను విస్తరించారు. ఒక్క నైపుణ్యానికే కట్టుబడక, ఒక కుటుంబం బాధ్యత తీసుకుని దానికి కావలసినవన్నీ సమకూర్చే బహుముఖ కార్యకర్తే ఆ కోర్సుల ఆదర్శం. న్యూయార్క్‌లో ఆడ్రీ కోహెన్ 1964లో పేద మహిళల కోసం ప్రారంభించిన శిక్షణ సంస్థ కాలేజ్ ఫర్ హ్యూమన్ సర్వీసెస్‌గా మారి, నేడు మెట్రోపాలిటన్ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్ పేరుతో నడుస్తోంది.

1975లో హ్యూమన్ సర్వీసెస్ అధ్యాపకుల జాతీయ సంఘం, 1979లో ఆ చదువుకు ప్రమాణాలు నిర్ణయించే మండలి ఏర్పడ్డాయి. గుర్తింపు కోరే కోర్సుల్లో క్షేత్ర శిక్షణ అసోసియేట్ స్థాయిలో 250 గంటలు, బ్యాచిలర్ స్థాయిలో 350 గంటలకు తగ్గకూడదన్నది ఈ మండలి నియమం. ఆ గంటలు గడిచేది షెల్టర్లలోనో, వ్యసన విముక్తి కేంద్రాల్లోనో, వృద్ధుల సేవా సంస్థల్లోనో. కొత్తగా వచ్చిన వ్యక్తి వివరాలు అడిగి రాసుకోవడం, జరిగినదాన్ని సొంత అభిప్రాయం కలపకుండా కేసు ఫైలుకు ఎక్కించడం, పర్యవేక్షకుల చేత గంటల పట్టీపై సంతకం చేయించుకోవడం విద్యార్థి అక్కడ రోజూ చేసే పని.

చదువు ఇలా కుదురుకుంటున్న సమయంలోనే పక్క దారి కూడా వెడల్పయింది. కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ 1974 నుంచి బ్యాచిలర్ డిగ్రీలకూ గుర్తింపు ఇవ్వసాగింది. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా లైసెన్సు చట్టాలు చేసినప్పుడు చాలావరకు ఆ గుర్తింపునే అర్హతగా రాసుకున్నాయి. పేదలకు తలుపు తెరవడానికి పుట్టిన చదువు, తలుపుకు కాపలా ఉండటమే బాధ్యతగా భావించే లైసెన్సు వ్యవస్థలో ఇమడలేకపోయింది. 1981లో రీగన్ ప్రభుత్వం మానసిక ఆరోగ్య నిధులను కుదించి, రాష్ట్రాలకు మొత్తంగా ఇచ్చే గ్రాంటుగా మార్చడంతో, ఈ ఉద్యోగాలకు ఆసరాగా ఉన్న సమాఖ్య సొమ్ము కూడా పలచబడింది.

ఈ పట్టాకు పని లేదనుకోవడం తప్పు. కేసు మేనేజర్లుగా, సహాయకులుగా, కార్యక్రమ నిర్వాహకులుగా వీరి అవసరం అన్నిచోట్లా ఉంది. కాకపోతే సామాజిక సేవా సహాయకుల ఉద్యోగంలో చేరడానికి సాధారణంగా కావలసిన చదువు హైస్కూలేనని అమెరికా కార్మిక గణాంక సంస్థ నేటికీ పేర్కొంటోంది, కాబట్టి డిగ్రీకి తగ్గ జీతం వస్తుందన్న హామీ లేదు. హ్యూమన్ సర్వీసెస్ వారికి 2008లో మొదలైన వృత్తి ధ్రువీకరణ ఉన్నా, అది స్వచ్ఛందమే తప్ప లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు. మాస్టర్స్ ఆలోచన ఉన్నవారు ముందే చూసుకోవలసిన మాట ఇంకొకటి ఉంది: గుర్తింపు పొందిన సోషల్ వర్క్ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి అనేక విశ్వవిద్యాలయాలు రెండేళ్ల మాస్టర్స్‌ను దాదాపు ఏడాదికి కుదిస్తాయి, హ్యూమన్ సర్వీసెస్ పట్టాతో వచ్చినవారు మాత్రం మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి.