యూరోపియన్ పార్లమెంటులో గ్రూపులు: అపోహలు - వాస్తవాలు

బ్రస్సెల్స్‌లో పార్లమెంటు వ్యవహారాలు చూసే ఉద్యోగం నాది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు యూరప్ రాజకీయాల గురించి అడిగేటప్పుడు ఎక్కువగా తికమకపడేది ఈ గ్రూపుల దగ్గరే. గ్రూపంటే వేర్వేరు దేశాల సభ్యులు ఒకే రకం రాజకీయ ఆలోచనలతో సభలో కలిసి పనిచేసే జట్టు.

అపోహ: సరిపడా సభ్యులుంటే చాలు, గ్రూపు పెట్టుకోవచ్చు.

వాస్తవం: తలల లెక్క ఒక్కటే చాలదు. ఇప్పటి నిబంధన ప్రకారం కనీసం 23 మంది సభ్యులు కావాలి. వాళ్లు 27 సభ్యదేశాల్లో నాలుగో వంతు, అంటే కనీసం 7 దేశాల నుంచి ఎన్నికై ఉండాలి. అసలు కష్టం ఈ రెండో షరతుతోనే. 2019లో బ్రిటన్‌కు చెందిన బ్రెగ్జిట్ పార్టీ 29 సీట్లు గెలిచింది. అప్పటి కనీస సంఖ్య 25. అయినా వేరే దేశాల వాళ్లు తోడు రాకపోవడంతో ఏ గ్రూపూ లేకుండానే మిగిలింది. 2014 అక్టోబరులో ఇంకో సంగతి జరిగింది. ఈఎఫ్‌డీడీ అనే ఈయూ వ్యతిరేక గ్రూపులో 40 మందికి పైగా ఉన్నారు. లాత్వియా నుంచి ఉన్న ఒకే ఒక్క సభ్యురాలు తప్పుకోగానే దేశాలు 6కు తగ్గి గ్రూపే రద్దయింది. కొద్ది రోజులకు పోలండ్ సభ్యుడొకరు చేరాక మళ్లీ ఏర్పడింది.

ఈ షరతు మొదటి నుంచీ లేదు. 1953లో, ఈ పార్లమెంటుకు ముందు రూపమైన, 78 మంది ఉన్న ఉమ్మడి సభలో, 9 మంది కలిస్తే గ్రూపే. 1994లో ఇటలీకి చెందిన ఫోర్జా ఇటాలియా పార్టీ వాళ్లు అచ్చంగా ఇటలీ సభ్యులతోనే ఒక గ్రూపు నడిపారు. 1999 నుంచి అలా కుదరదు. ఈ సభకు జరిగిన మేళ్లలో ఇది పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ దేశం వాళ్లు ఆ దేశం జట్టుగా విడిపోతే ఇది పార్లమెంటులా కాక రాయబారుల సమావేశంలా తయారయ్యేది.

అపోహ: అవసరం కోసం ఎవరు ఎవరితోనైనా కలవొచ్చు.

వాస్తవం: 1999లో ఇటలీ రాడికల్స్, ఫ్రాన్స్ నేషనల్ ఫ్రంట్ సభ్యులు తదితరులు కలిసి 'టెక్నికల్ గ్రూపు' పెట్టారు. రాజకీయంగా ఎవరి దారి వారిదేనని ఏర్పాటు పత్రంలోనే రాసుకున్నారు. పార్లమెంటు ఒప్పుకోలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు, 2001 అక్టోబరులో ఓడిపోయారు. మామూలుగా సభ ఎవరి భావాలనూ తవ్వి చూడదు. కానీ ఉమ్మడి రాజకీయ దృక్పథం ఉందని సభ్యులంతా రాసివ్వాలి.

అపోహ: గ్రూపంటే పార్టీయే.

వాస్తవం: కాదు. యూరప్ స్థాయి పార్టీలు విడిగా రిజిస్టర్ అవుతాయి. గ్రీన్స్-ఈఎఫ్ఏ గ్రూపులో అలాంటివి రెండున్నాయి: పర్యావరణవాదుల గ్రీన్ పార్టీ, ప్రాంతీయ పార్టీలతో ఏర్పడిన ఈఎఫ్ఏ.

అపోహ: గ్రూపు మారితే సీటు పోతుంది.

వాస్తవం: మన రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) లాంటిది ఇక్కడ లేదు. 2021 మార్చిలో హంగరీకి చెందిన ఫిదెస్ పార్టీ సభ్యులు ఈపీపీ అనే మితవాద గ్రూపు నుంచి బయటికొచ్చేశారు, ఎవరి సీటూ పోలేదు. గ్రూపు మాట కాదని ఓటేసినా సభ్యత్వానికి ఢోకా లేదు.

అపోహ: గ్రూపు లేకపోయినా పెద్ద తేడా ఉండదు.

వాస్తవం: ఓటు ఉంటుంది, మాట్లాడటానికి కొంత సమయమూ దొరుకుతుంది. అయితే కమిటీ అధ్యక్ష పదవులను, ముఖ్యమైన నివేదికలను గ్రూపులు తమ బలాన్ని బట్టి పంచుకుంటాయి. గ్రూపు లేనివాళ్లకు అవి అందడం చాలా కష్టం. సభ అజెండా ఖరారు చేసే గ్రూపు నేతల సమావేశంలో వాళ్ల తరఫున ఒకరు కూర్చోవచ్చు గానీ, ఓటు వేయలేరు.