బ్రేక్ బోల్ట్ మొరాయిస్తే: నేను రోజూ వినే అపోహలు

మా బైకు రిపేరు షెడ్డు విశాఖలో, సముద్రానికి దగ్గర్లో ఉంది. ఈ ఉప్పు గాలికి రెండు వానాకాలాలు గడిస్తే చాలు, డిస్క్ బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని పట్టి ఆపే భాగం) బోల్టులు బిగుసుకుపోతాయి. తుప్పు పట్టిన బోల్టు వచ్చినప్పుడు నాకు బాధ ఉండదు. ఇంట్లో ఎవరో తొందరపడి తల అరగదీసిన బోల్టు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: పానాకి పైపు తొడిగి బలం పెడితే ఏదైనా ఊడుతుంది.

వాస్తవం: కాలిపర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండింటి మధ్యకి ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. పోయిన లోహం కంటే ఆ పొడికి ఎక్కువ చోటు కావాలి, అందుకే మరల సందుల్లో సిమెంటులా పట్టేస్తుంది. ముందు ఆ పట్టు పగలాలి. బోల్టు తల మీద నిలువుగా, సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి. తర్వాత బిగించే వైపు రవ్వంత, ఆ తర్వాతే విప్పే వైపు. పట్టు వదిలినప్పుడు ‘టక్’మని శబ్దం వస్తుంది, చేతికి తెలుస్తుంది. అలా కాకుండా పానా మెత్తగా, రబ్బరు సాగినట్టు కదులుతుంటే వెంటనే ఆపేయండి. మర కదలడం లేదు, బోల్టే మెలి తిరుగుతోంది. ఇంకాస్త తిప్పితే మెడ దగ్గర తెగుతుంది.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. “అన్నా, ఎలన్ కీ (ఆరు పలకల కడ్డీ పానా) తిరుగుతోంది, ప్యాడ్ పిన్ (ప్యాడ్లని పట్టి ఉంచేది) తిరగట్లేదు” అన్నాడు. టార్చి వేసి చూస్తే పిన్ను గుంటలో సగం వరకూ ఎండిన మట్టి. కీ పైపైన పట్టి అంచులు గుండ్రంగా కోసేసింది. పిన్నీసుతో మట్టి తీసి, 5 ఎంఎం గుంటలోకి టీ30 టార్క్స్ బిట్ (ఆరు కొనల నక్షత్రం ఆకారం ఉండేది) సుత్తితో కొట్టి దింపాం. ఆ బిట్ అంచులు కొత్త లోహంలోకి కరుచుకుంటాయి. ఒక్క ప్రయత్నంలో ఊడింది. ఆ మట్టి ముందే తీసి ఉంటే ఇదంతా అక్కర్లేదు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొట్టి ఐదు నిమిషాలు ఆగితే చాలు.

వాస్తవం: ఆ పేరులోనే ఉంది (డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్), అది తేమను తరిమే ద్రవంగా పుట్టింది, 40వ ప్రయత్నంలో కుదిరింది. తుప్పులోకి ఇంకే ఆయిల్ విడిగా దొరుకుతుంది, దానికి ఒక రాత్రి టైమ్ ఇవ్వండి. ఏదైనా సరే, ప్యాడ్లు తీసేశాకే కొట్టండి. ప్యాడ్ నూనె పీల్చిందంటే బ్రేక్ పట్టదు, మార్చాల్సిందే. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వాడే బ్రేకుల్లోని రబ్బరు సీళ్లకి పెట్రోలు, కిరసనాయిలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతాయి.

అపోహ: వేడి చేస్తే కాలిపర్ పాడవుతుంది.

వాస్తవం: వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే బోల్టు వదులవుతుంది. కాకపోతే సీళ్లు, బ్రేక్ ఆయిల్ లోపల ఉండగా మంట పెట్టొద్దు. హాట్ ఎయిర్ గన్ చాలు. డిస్క్ బోల్టులకి గట్టి రకం థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) పూసి ఉంటే అది 250 డిగ్రీల దగ్గర గానీ మెత్తబడదు. ఒక్క మాట గట్టిగా చెప్తాను: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి చేయకండి. ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత స్క్రూలు చాలామంది అరగదీస్తారు. జపాన్ డిజైన్ బళ్లలో అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలాగే ఉంటాయి. మన ఇంట్లో ఉండే స్టార్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారుతుంది. జేఐఎస్ బిట్ కొనుక్కోండి.

బ్రేక్ ఆయిల్లోంచి గాలి తీసే నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే నలిగి తెగుతుంది. రంధ్రంలో సరిపోయే డ్రిల్ బిట్ వెనక కాడ దూర్చి, ఆరు పలకల సాకెట్‌తో తిప్పండి.

అపోహ: తల తెగితే ఈజీ అవుట్ (తెగిన బోల్టులో రంధ్రం వేసి, దూర్చి వెనక్కి తిప్పే పనిముట్టు) ఉందిగా.

వాస్తవం: అది బాగా గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కొయ్యలేదు. కాస్త మొండెం బయటికి ఉంటే నేను కాలిపర్‌ని బండి నుంచి విప్పి, సీళ్లు తీసి, ఆ మొండెం మీద నట్టు వెల్డ్ చేయిస్తాను. వెల్డింగ్ వేడి సగం పని చేస్తుంది, మిగతాది నట్టుకి పట్టిన పానా చేస్తుంది.

తీసిన బోల్టుని మళ్లీ వాడకండి. మెరుస్తోందని స్టెయిన్‌లెస్ బోల్టు కూడా వేయకండి, మామూలు స్టెయిన్‌లెస్ 8.8 గ్రేడ్ (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఉక్కు కంటే బలహీనం. కంపెనీ పార్టే తెచ్చి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) బిగించండి. కాలిపర్ జారే పిన్నులకి సిలికాన్ గ్రీజు పూయండి. అన్నీ అయ్యాక, బండి స్టాండు దించకముందే లీవర్ గట్టిపడేదాకా నొక్కండి. ప్యాడ్లు మార్చేటప్పుడు వాటిని నెట్టే పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకి లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేక్ పడదు.