సస్టైనబిలిటీ క్లాజులు: అపోహలు, వాస్తవాలు

కాంట్రాక్టులు రాయడం నా పని. కార్మికుల హక్కులనూ పర్యావరణాన్నీ కాపాడతామని సప్లయర్ చేత అందులో రాయించుకునే షరతులే సస్టైనబిలిటీ క్లాజులు. "సప్లయర్ చేత సంతకం పెట్టించాం కదండీ, ఇక మాకేం సంబంధం?" అని పర్చేజ్ వాళ్లు అడగని నెల ఉండదు.

అపోహ: క్లాజు పెడితే బాధ్యత సప్లయర్ నెత్తిన పడుతుంది.

వాస్తవం: పడదు. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జర్మనీ సప్లై చైన్ చట్టాన్నే చూడండి. సప్లయర్ల దగ్గర ఇలాంటి ఉల్లంఘనలు జరిగే రిస్కును కొనే కంపెనీయే వెతకాలి, దాన్ని తగ్గించే చర్యలూ తీసుకోవాలి. సప్లయర్ ఇచ్చే రాతపూర్వక హామీ అందులో ఒక భాగం మాత్రమే.

అసలు "మా దగ్గర ఏ ఉల్లంఘనా లేదు, ఉండబోదు" అని మొదటి రోజే రాయించుకోవడమే తప్పు. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. నోరు విప్పితే ఆర్డర్ పోతుంది, అందుకే సప్లయర్ దాచేస్తాడు. అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ వర్కింగ్ గ్రూప్ 2021లో తెచ్చిన నమూనా క్లాజులు ఈ పద్ధతిని వదిలేశాయి. వాటి ప్రకారం రిస్కును ఇద్దరూ కనిపెట్టుకుని ఉండాలి, తప్పు దొరికితే ముందు నష్టపోయిన కార్మికులకు న్యాయం చేయాలి. ధర, గడువు విషయంలో కొనేవాళ్లూ బాధ్యతగా నడుచుకోవాలి.

ఈ చివరిది చాలామందికి మింగుడుపడదు. ఒక చిన్న సప్లయర్ ఫైలు నా దగ్గరికి వచ్చింది. కాంట్రాక్టు అనుబంధంలో వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని ఉంది. దాని వెనకే కొనేవాళ్ల మెయిల్: క్వాంటిటీ పెంచండి, డెలివరీ తేదీ మారదు. ఆడిట్‌లో ఓవర్‌టైమ్ బయటపడింది, నోటీసు సప్లయర్‌కి వచ్చింది. ఆ మెయిల్ ఊసు రిపోర్టులో ఎక్కడా లేదు! పాపం, ఆయన టెన్షన్‌తో నిద్రపోవడం మానేశాడు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు.

2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. దానికి, పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్‌ఏ8000 సర్టిఫికెట్ వచ్చి కొన్ని వారాలే అయింది.

అపోహ: తప్పు దొరికితే వెంటనే కాంట్రాక్టు రద్దు చేసుకోవాలి.

అలా చేస్తే ముందు ఉపాధి పోయేది కార్మికులకే. జర్మనీ చట్టం కూడా రద్దును చివరి మార్గంగానే చూస్తుంది.

అపోహ: చిన్న సప్లయర్ మాట ఎవరూ వినరు.

వాట్సాప్‌లో తిరిగే "మారు మాట్లాడకుండా సంతకం పెట్టేయండి" సలహాలు పక్కన పెట్టండి. సరిదిద్దుకోవడానికి గడువు, ఆర్డర్ మారితే తేదీ కూడా మారే నిబంధన, ఆడిట్ ఖర్చు ఎవరిదన్న స్పష్టత అడగండి. అన్నీ ఇవ్వకపోవచ్చు. మొదటిదాన్ని మాత్రం వదలకండి, కాంట్రాక్టులో రాయించుకోండి.