చన్నీళ్లలో ముఖం ముంచితే దడ ఆగుతుందా? ఈ చిట్కా ఎక్కణ్ణుంచి వచ్చింది?

మా చిన్నమ్మది నల్లకుంట, డెబ్బై దగ్గర పడ్డ మనిషి. మొన్న ఎండాకాలంలో ఒక రాత్రి గుండె దడదడమంటోందని లేచి కూర్చుంటే, ఇంట్లోవాళ్లు ఫ్రిజ్‌లో ఉన్న ఐసు ముక్కలన్నీ స్టీలు బేసిన్‌లో వేసి, నీళ్లు పోసి, అందులో ముఖం ముంచమన్నారు. ఎందుకంటే మా పెద్దమ్మ మనవడికి కూడా దడ వస్తుంది, కాలేజీ కుర్రాడు, వాడు ఇలా ముంచితే పది పదిహేను సెకన్లలో టక్కున ఆగిపోయిందని అప్పటికే చుట్టాలందరికీ తెలుసు. చిన్నమ్మకు ముక్కులోకి నీళ్లెక్కి దగ్గొచ్చింది గానీ దడ ఆగలేదు. మళ్లీ ముంచారు. మూడోసారి "నన్ను ముంచి సంపుతరా ఏంది" అని బేసిన్ పక్కకు తోసేసింది.

కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, చిన్నమ్మ సరిగ్గా ముంచకపోవడమూ కారణం కాదు. దడ అనే ఒక్క మాటలో మనం నాలుగైదు జబ్బుల్ని మూటగట్టేస్తాం, గొడవంతా అక్కడే. కుర్రాడిది ఎస్‌వీటీ: గుండె ఉన్నట్టుండి నిమిషానికి 150, 180, ఒక్కోసారి 200 దాటి కొట్టుకుంటుంది, కానీ గడియారంలా ఒకే లయలో. చిన్నమ్మది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, డాక్టర్ల వాడుకలో ఏఫిబ్: దాంట్లో లయ అంటూ ఉండదు, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన ఉండదు. చన్నీళ్ల చిట్కా మొదటిదాని కోసం పుట్టింది. రెండోదాని మీదకి ఎలా పాకిందో చూడాలంటే కాస్త వెనక్కి, బాతుల దాకా వెళ్లాలి.

ఫ్రాన్సులో పాల్ బేర్ అనే శరీరశాస్త్రవేత్త 1870లో ఒక సంగతి రాశాడు. బాతును నీళ్లలో ముంచితే దాని గుండె బాగా నెమ్మదిస్తుంది. కోడి నీళ్లలో తొందరగా చచ్చిపోతుంది, బాతు చాలాసేపు బతుకుతుంది. బాతు ఒంట్లో నెత్తురెక్కువ, అందుకే ఆక్సిజన్ నిల్వ ఎక్కువ అనుకున్నాడాయన. అది మాత్రమే కాదని 1890ల్లో షార్ల్ రిషే చూపించాడు (తర్వాత 1913లో అలర్జీకి సంబంధించిన వేరే పనికి నోబెల్ అందుకున్న రిషే ఈయనే). గాలిలోనే ఊపిరాడకుండా చేసిన బాతు కన్నా నీళ్లలో ముంచిన బాతు ఎక్కువసేపు తట్టుకుంది. అంటే నీళ్లు తగలడంలోనే ఏదో ఉంది. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పెరిగిన పెర్ షోలాండర్ 1940లో సీల్ లాంటి నీటి జంతువుల మీద పెద్ద పరిశోధన అచ్చేశాడు. మునగగానే గుండె నెమ్మదిస్తుంది, చేతులు కాళ్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉన్న ఆక్సిజన్ మెదడుకీ గుండెకీ దక్కుతుంది. మనుషుల్లోనూ ఇది ఉంది, అంత జోరుగా కాదు. డైవింగ్ రిఫ్లెక్స్ అంటారు.

ఇది నడిచే దారి ఇలా ఉంటుంది. నుదురు, కళ్లచుట్టూ, ముక్కు దగ్గర చర్మానికి చలి తగిలితే ట్రైజెమినల్ నరం ఆ కబురు మెదడు కాండానికి మోసుకెళ్తుంది, అక్కణ్ణుంచి వేగస్ నరం గుండెకి బ్రేకు వేస్తుంది. మన చెవికి వేగస్ అంటే వేగం పెంచేదేమో అనిపిస్తుంది, లాటిన్‌లో ఆ మాటకు తిరుగుబోతు అని అర్థం, తల నుంచి కడుపు దాకా తిరుగుతుంది కాబట్టి. చేసే పని మాత్రం పూర్తిగా ఉల్టా. ఈ నరాన్ని కదిలిస్తే గుండె నెమ్మదిస్తుందనీ, చివరికి ఆగిపోతుందనీ జర్మనీలో వెబర్ అన్నదమ్ములు 1845లోనే చూపించారు. నరం అంటే పని చేయించేది అనే అనుకునే రోజుల్లో, పని ఆపించే నరం కూడా ఉంటుందని జనం నమ్మడానికి టైం పట్టింది.

ఇక్కడ మన ఊరు వస్తుంది. ఈ చన్నీళ్ల కథతో నేరుగా చుట్టరికం లేదు, కానీ వేగస్ నరం గుండెకు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అనే తగువు ఒకప్పుడు హైదరాబాద్‌లో నడిచింది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా, ఇక్కడి మెడికల్ స్కూలుకు పెద్దగా (ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ అందులోంచే వచ్చింది) ఎడ్వర్డ్ లారీ అనే ఆయన ఉండేవాడు. ఆపరేషన్‌కు ముందు మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు చనిపోతే, ముందు ఆగేది ఊపిరేగానీ గుండె కాదు అని ఆయన వాదన. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు, 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్‌లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రిక ఒప్పుకోలేదు. సరే మీ మనిషినే పంపండి అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు, 1889లో లాడర్ బ్రంటన్ ఇక్కడికొచ్చాడు. వందలకొద్దీ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేశారు. వేగస్ నరం రేగితే ప్రమాదం పెరగదు, తగ్గుతుందని రెండో కమిషన్ తేల్చింది. క్లోరోఫాం విషయంలో లారీ మొండిపట్టు చివరికి నిలవలేదు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె కింది గదులు లయ తప్పి కొట్టుకుని ఆగిపోగలవని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల్లో చూపించాడు. కోఠి వైపు వెళ్లినప్పుడల్లా ఆ పాత రెసిడెన్సీ భవనం చూస్తే నాకీ కథే గుర్తొస్తుంది.

సరిగ్గా అదే 1889లో, ఫ్రాన్సులోని లియాన్ నగరంలో బూవ్రే అనే డాక్టరు, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగే ఈ దడను వేరే జబ్బుగా గుర్తించి పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ దాన్ని ఆపే మందు లేదు. దాంతో వేగస్ నరాన్ని తట్టిలేపే ఉపాయాలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మెడ మీద నొక్కడం, గొంతులో వేలు పెట్టుకుని వాంతి తెప్పించుకోవడం, కనుగుడ్లు నొక్కడం (ఈ రిఫ్లెక్స్‌ను 1908లో వర్ణించారు, రెటీనా ఊడే ప్రమాదం ఉంది కాబట్టి ఇప్పుడు ఎవరూ చేయొద్దంటారు). ముక్కు, నోరు మూసి బలంగా ఊదడమనే పద్ధతి వల్సాల్వాది. 1704లో ఆయన దాన్ని రాసింది గుండె కోసం కాదు, చెవిలోని చీము బయటికి తోయడం కోసం.

చన్నీళ్లు ఈ వరసలో ఆలస్యంగా చేరాయి. 1975లో అమెరికాలో డల్లాస్‌కు చెందిన కెర్న్ వైల్డెన్‌థాల్ బృందం ల్యాన్సెట్‌లోనే ఒక చిన్న వ్యాసం రాసింది: బాతుల, సీళ్ల రిఫ్లెక్స్‌ను పైగదుల దడకు చికిత్సగా వాడామని, చన్నీళ్లలో ముఖం ముంచితే ఆగిందని. ఆ తర్వాత పిల్లల డాక్టర్లు దీన్ని అందిపుచ్చుకున్నారు. చంటిపిల్లకు ఊపిరి బిగబట్టమని చెప్పలేం కదా, అందుకని ఐసు, నీళ్లు నింపిన సంచిని ముక్కూ నోరూ మూసుకోకుండా నుదుటి మీద, కళ్ల మీద కొన్ని సెకన్లు ఆనిస్తారు. ఇప్పటికీ పిల్లల ఎమర్జెన్సీలో అదే వాడతారు, మానిటర్ పెట్టుకుని.

ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలిసిపోతుంది. ఎస్‌వీటీలో ఎక్కువ రకాలకు కరెంటు ఒక గుండ్రటి దారిలో, ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, ఆ దారిలో ఏవీ నోడ్ ఒక మలుపు. పైగదులకూ కిందిగదులకూ మధ్య ఉండే చెక్‌పోస్టు లాంటిది. వేగస్ నరం ఆ చెక్‌పోస్టును ఒక్క క్షణం మూసేస్తే చాలు, చక్రం తెగిపోతుంది, గుండె మామూలు లయలోకి వచ్చేస్తుంది. కుర్రాడికి టక్కున ఆగింది అందుకే. ఏఫిబ్‌లో గొడవంతా పైగదుల్లోనే, చెక్‌పోస్టుకు దాంతో పనిలేదు. దాన్ని మూస్తే కిందికి వచ్చే దెబ్బలు కాసేపు తగ్గుతాయేమో గానీ పైన అల్లరి అలాగే ఉంటుంది. పైగా వేగస్ నరం పైగదుల కండరం తేరుకునే సమయాన్ని తగ్గించేస్తుంది, ఏఫిబ్‌కు అది అనుకూలం. రాత్రి నిద్రలోనో, కడుపునిండా తిన్నాకో ఏఫిబ్ వచ్చేవాళ్లను ఫ్రెంచ్ డాక్టరు ఫిలిప్ కూమెల్ వేరే గుంపుగా గుర్తించాడు. బాగా చల్లటి డ్రింకు గటగటా తాగితే ఏఫిబ్ మొదలవుతుందని చెప్పే పేషెంట్లూ ఉన్నారు, వైద్య పత్రికల్లో అలాంటి కేసులు అచ్చయ్యాయి. అంటే ఒకరికి ఆపే చలి ఇంకొకరికి మొదలుపెట్టేది కావచ్చు.

మన దగ్గర ఈ తేడా చెరిగిపోవడానికి నాకు తోచిన కారణం, నీళ్ల మీద మనకున్న పాత నమ్మకం. జర్మనీకి చెందిన లూయీ కూనే జలచికిత్స పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చాడు. తర్వాత గాంధీ గారి ప్రకృతి వైద్యం మోజు, తొట్టి స్నానాలు, తడి పట్టీలు. అమీర్‌పేట దగ్గరి ప్రకృతి చికిత్సాలయం పేరు వినని పాతకాలపు హైదరాబాదీ ఉండడు. ఎవరైనా సొమ్మసిల్లితే మనం మొదట చేసేది కూడా ముఖాన నీళ్లు చిలకరించడమే. ఇన్నిటి మధ్య "చన్నీళ్లు గుండెకు మంచివి" అంటే ఏ దడకు అని అడగాలని ఎవరికీ తోచదు.

ఇంకో సంగతి. ఎస్‌వీటీకైనా నీళ్లు నిజంగా చల్లగా ఉండాలి, 10 డిగ్రీల దరిదాపుల్లో. మే నెలలో హైదరాబాద్‌లో మిద్దె మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలేట్టుంటాయి, వాటితో ముఖం కడుక్కుంటే ఏ రిఫ్లెక్సూ రాదు. రంజన్ నీళ్లు తాగడానికి హాయిగానే ఉంటాయి గానీ, ఆవిరితో చల్లబడే నీళ్లు మన ఎండల్లో అంత కిందికి దిగలేవు. ఐసు ఉండాల్సిందే. ముఖం ఒక్కటే ముంచాలి, ఊపిరి బిగబట్టి. ఈమధ్య గచ్చిబౌలి వైపు జిమ్ముల్లో ఐసు తొట్లలో ఒళ్లంతా ముంచడం ఫ్యాషనైంది, అది వేరే సంగతి. ఒళ్లంతా చలి తగిలితే ముందు గుండె వేగం పెరుగుతుంది, ముఖం మునిగితే తగ్గమంటుంది, ఒకేసారి రెండు ఆర్డర్లు. ఈ లాగుడులో లయ తప్పవచ్చని ఇంగ్లండ్‌లో టిప్టన్, షాటక్ 2012లో వివరించారు. గుండె జబ్బున్న వాళ్లు ఆ తొట్టి జోలికి పోకపోవడమే మంచిది.

అసలు ఎస్‌వీటీకి ఇంతకన్నా సులువైన ఉపాయం వచ్చేసింది. 2015లో ఇంగ్లండ్‌లో 428 మందితో చేసిన రివర్ట్ పరీక్షలో, 15 సెకన్లు ఊదించి వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే 43 శాతం మందికి దడ ఆగింది, మామూలుగా కూర్చోబెట్టి ఊదిస్తే 17 శాతం మందికే. ఊదడానికి 10 ఎంఎల్ సిరంజీ చాలు, మెడికల్ షాపులో పది రూపాయలకో ఎంతకో దొరుకుతుంది. ఆగకపోతే ఆస్పత్రిలో అడినోసిన్ ఇంజెక్షన్ ఉంది, కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టే ఉంటుందట, అంతలోనే దిగిపోతుంది. మాటిమాటికీ వచ్చేవాళ్లకు అబ్లేషన్, అంటే సన్నటి తీగను గుండెలోకి పంపి ఆ తప్పుడు దారిని కాల్చేయడం.

ఏఫిబ్‌లో భయం దడ గురించి కాదు. సరిగ్గా ముడుచుకోని పైగదిలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం, ఆ ముప్పు మామూలు వాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు. అందుకే రక్తం పలచబరిచే మందులు. ఐసు బేసిన్‌తో గంటలు గడిపితే పోయేది ఆ టైమే. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఏ దడైనా సరే 108కి ఫోన్ చేయాలి, ముఖం తర్వాత కడుక్కోవచ్చు.

చిన్నమ్మకు ఆ తెల్లవారుజామున ఒక నర్సింగ్‌హోంలో ఈసీజీ తీశారు, దడ నడుస్తుండగానే, అదొక్కటే ఆ రాత్రి జరిగిన పనికొచ్చే పని. ఇప్పుడు ఆ కాగితం ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది. కుర్రాడిది కూడా తెప్పించి పక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో గీతలు దువ్వెన పళ్లలా సమానంగా ఉన్నాయి, ఇంకోదాంట్లో ఏ రెండింటి మధ్యా ఒకే ఎడం లేదు.